కర్నూలు ఎండలో పాత కెమెరాలు, మరచిపోయిన రీళ్ళు

పాత ఫిల్ము కెమెరా చేతికి రాగానే మనలో చాలామంది మొదట చేసే పని దాని వెనక మూత తెరిచి చూడడం. దయచేసి ఆ పని చేయవద్దు. లోపల సగం వాడిన రీలు ఉందనుకోండి, ఎవరో ముప్పై ఏళ్ళ కిందట తీసిన బొమ్మలు ఆ ఒక్క క్షణంలో నల్లబడిపోతాయి. నా అనుభవంలో కెమెరాకంటే అందులో మిగిలిపోయిన రీలే విలువైనది. ఎందుకంటే కెమెరా మరొకటి దొరుకుతుంది గానీ ఆ రీలు మరొకటి దొరకదు.

ముప్పై అయిదు మిల్లీమీటర్ల కెమెరాలో రీలు ఉందో లేదో తెరవకుండానే తెలుసుకోవచ్చు. పైభాగంలో ఎడమవైపున ఉండే రీలు చుట్టే పిడిని బాణం గుర్తు చూపించే వైపుకు మెల్లగా తిప్పి చూడండి. అది అడ్డు లేకుండా గిరగిర తిరిగితే లోపల ఏమీ లేనట్టు. కొంచెం తిరిగి బిగుసుకుంటే రీలు ఉన్నట్టు. అలా బిగుసుకున్నప్పుడు బలం పెట్టవద్దు. మన ప్రాంతపు వేడికి ఏళ్ళ తరబడి ఎండిన ఫిల్ము ఎండుటాకులా పెళుసుబారి, చుట్టేటప్పుడు లోపలే తెగిపోతుంది. కెమెరా అడుగున ఉన్న చిన్న బొత్తాన్ని నొక్కి, చీకటి గదిలో, నిమిషానికి పది పన్నెండు చుట్లకు మించకుండా వెనక్కి చుట్టడం మంచిది. ఆగ్ఫా క్లిక్ లాంటి డబ్బా కెమెరాల్లో వెనక్కి చుట్టడం ఉండదు. వెనకనున్న ఎర్ర కిటికీలో అంకెలు దాటిపోయి, కాగితం పూర్తిగా అవతలి చుట్టుకు చేరేవరకు ముందుకే తిప్పాలి.

రెండేళ్ళ కిందట కర్నూలులో ఒక పాత సామాను కొట్లో యాషికా కెమెరా ఒకటి చూశాను. తీసిన బొమ్మల లెక్క చూపే అంకె 23 దగ్గర ఆగి ఉంది. నేను వద్దనే లోపే కొట్టు యజమాని, "బాగానే పనిచేస్తుంది సార్, చూడండి" అంటూ మూత తెరిచి, లోపల ఫిల్ము కనబడగానే టక్కున మూసేశాడు. నాకు ప్రాణం పోయినంత పనయింది. అయితే ఇలాంటి ప్రమాదం జరిగినా ఆశ వదులుకోనక్కర లేదని ఆ రీలే నాకు నేర్పింది. మామూలు కెమెరాలో తీసిన బొమ్మలు కుడివైపు ఇరుసు మీద ఒకదానిపై ఒకటి బిగువుగా చుట్టుకుంటాయి. వెలుగు తగిలినప్పుడు పై పొరలు, అంటే చివరగా తీసిన బొమ్మలు పోతాయి. అడుగు పొరల్లో ఉన్న మొదటి బొమ్మలు చాలావరకు బతుకుతాయి. ఆ రీలులో చివరికి తొమ్మిది బొమ్మలు దక్కాయి. వాటి సంగతి చివర చెబుతాను.

ఎలాంటి కెమెరా కొనాలి

సేకరణ మొదలుపెట్టేవారు అరుదైన వస్తువుల వెంట పడకుండా, మన ఇళ్ళలో నిజంగా వాడిన కెమెరాలతో మొదలుపెట్టాలని నా సలహా. మన దేశంలోనే తయారైన ఆగ్ఫా క్లిక్-3లో 120 రకం రీలు పడుతుంది, పన్నెండు చతురస్రపు బొమ్మలు వస్తాయి, చెడిపోవడానికి అందులో పెద్దగా ఏమీ లేదు. ఆ తర్వాతి తరంలో హాట్ షాట్, కొడక్ కేబీ-10, యాషికా ఎంఎఫ్-2 లాంటివి పెళ్ళిళ్ళకూ తిరునాళ్ళకూ ఇంటింటా తిరిగాయి. నేర్చుకోవాలనే పట్టుదల ఉన్నవారికి పెంటాక్స్ కే-1000, యాషికా ఎఫ్ఎక్స్-3 మంచివి. వీటిలో బ్యాటరీ వెలుతురు కొలిచే మీటరుకు మాత్రమే కావాలి కనుక, అది లేకపోయినా షట్టరు పనిచేస్తుంది. దొరికే చోట్ల విషయానికి వస్తే, మూతపడిన స్టూడియోల వారసులను అడగడమే అన్నిటికన్నా మేలు. హైదరాబాదు వెళ్ళే వీలున్నవారు ఎర్రగడ్డ ఆదివారం సంత, జుమ్మెరాత్ బజారు చూడవచ్చు, కానీ అక్కడ బేరం తెలిసినవారు వెంట ఉండాలి.

కొనేముందు చూడవలసినవి కొన్ని ఉన్నాయి. కోస్తా నుంచి వచ్చిన కెమెరాల కటకాల్లో బూజు ఎక్కువగా కనిపిస్తుంది. చిన్న టార్చి వెలుగును ఒకవైపు నుంచి వేసి మరోవైపు నుంచి చూస్తే సాలెగూటి పోగుల్లాంటి గీతలు బయటపడతాయి. మన పొడి గాలిలో ఆ బెడద తక్కువే గానీ, మనకు వేరే జబ్బులు ఉన్నాయి. వేడికి లోపలి గ్రీజు కరిగి, కటకంలో వెలుతురు వచ్చే రంధ్రాన్ని చిన్నది చేసే రేకుల మీదకు పాకుతుంది, అప్పుడు ఆ రేకులు అతుక్కుపోతాయి. కరగకుండా ఎండిపోయిన గ్రీజు ఫోకస్ తిప్పే చుట్టును బిగదీస్తుంది. షట్టరును ఒక సెకను దగ్గర పెట్టి నొక్కి, నోటితో "ఒకటి వెయ్యి" అని లెక్కపెట్టుకుంటే వేగం మందగించిందో లేదో ఇట్టే తెలుస్తుంది. బ్యాటరీ గూట్లో పచ్చని చిలుము ఉంటే వెనిగర్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిచి, తర్వాత స్పిరిట్‌తో ఆరబెట్టాలి. 1.35 వోల్టుల పాత పాదరసపు బ్యాటరీలు ఇప్పుడు తయారు కావడం లేదు. వాటికి బదులుగా చెవిటి మిషన్లలో వాడే 1.4 వోల్టుల జింక్ బ్యాటరీలు మందుల దుకాణాల్లో దొరుకుతాయి. వెడల్పు చాలకపోతే చుట్టూ ఒక రబ్బరు వలయం వేస్తే సరిపోతుంది.

వెనక మూత అంచుల్లో వెలుతురు రాకుండా పెట్టిన నల్ల స్పాంజి ఇంచుమించు ప్రతి పాత కెమెరాలోనూ తారులా కరిగి వేళ్ళకు అంటుకుంటుంది. కెమెరా ఖాళీ అని తేలాకే దాన్ని పుల్లతో గీకి, స్పిరిట్‌తో తుడిచి, ఆ సన్నని గాడిలో నల్ల ఊలు దారం కూరితే సరి. బందు ఉన్నవైపు నల్ల వెల్వెట్ ముక్క అంటించాలి. దీనికి యాభై రూపాయలు కూడా ఖర్చు కాదు, అయినా దీన్ని బద్ధకించి వదిలేసినవారి బొమ్మల మీద ఎర్రటి చారలు పడడం నేను చాలాసార్లు చూశాను.

కొత్త రీలు వేసి తీయడం గురించి ఎక్కువ చెప్పను. మన ఎండకు కొలమానం అక్కరలేదు. మిట్టమధ్యాహ్నం ఆకాశం తేటగా ఉన్నప్పుడు రంధ్రాన్ని ఎఫ్/16 దగ్గర పెట్టి, షట్టరు వేగాన్ని ఫిల్ము వేగానికి, అంటే డబ్బా మీది ఐఎస్ఓ అంకెకు, దగ్గరగా ఉంచితే చాలు. అంటే 100 వేగపు ఫిల్ముకు సెకనులో 125వ వంతు, 400 వేగపు ఫిల్ముకు 500వ వంతు. అయితే మిట్ట ఎండలో మనుషుల కళ్ళ కింద గుంటలు పడతాయి కనుక ముఖాలు తీయాలంటే పొద్దున ఎనిమిదిలోపు తీయండి. రీలు ఉన్న కెమెరాను మాత్రం స్కూటరు డిక్కీలో వదిలి వెళ్ళవద్దు.

దొరికిన రీలు ఏ రకమో గుర్తించడం

మరచిపోయిన రీలును కడగడానికి, అంటే మందుల్లో ఉంచి బొమ్మను బయటికి తేవడానికి ముందు దాని డబ్బా మీద ఏమి రాసి ఉందో భూతద్దం పెట్టి చదవాలి. ఏ మందులో కడగాలన్నది దాన్నిబట్టే తేలుతుంది. "సి-41" అని ఉంటే అది 1972లో మొదలైన పద్ధతి రంగుల నెగెటివ్. "సి-22" అని ఉంటే అంతకు ముందుది. దాని మీద బొమ్మ పట్టే పూతను 24 డిగ్రీల దగ్గర కడగడానికి తయారు చేశారు కనుక ఇప్పటి 38 డిగ్రీల మందులో వేస్తే పూత జారిపోతుంది. తూర్పు జర్మనీ ఓర్వో కంపెనీ రంగుల రీళ్ళ పద్ధతి కూడా వేరే. కొడక్ వారి స్లైడ్ ఫిల్ము కొడాక్రోమ్ అని ఉంటే, దానికి కావలసిన రంగు ప్రక్రియ కోసం రీళ్ళు తీసుకోవడాన్ని ప్రపంచంలో ఆఖరి ల్యాబు 2010 డిసెంబరు 30తో ఆపేసింది. ఇక దాన్ని బ్లాక్ అండ్ వైట్‌గానే తేల్చాలి, వెనకనున్న నల్లటి కార్బన్ పూతను కూడా తుడిచి తీయాలి. మన దగ్గర ఎక్కువగా దొరికే బ్లాక్ అండ్ వైట్ రీళ్ళు ఓర్వో, ఊటీలోని హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వారి ఇందు.

రంగుల రీలు ఇరవై ఏళ్ళు దాటినదైతే దాన్ని రంగుల్లో కడిగించాలనే ఆశ వదులుకోవడం మేలని నా అభిప్రాయం. రంగులిచ్చే మూడు పొరలూ ఒకే రీతిన చెడవు. పైగా మన అటకల మీద మే నెలలో ఉండే వేడి ఫిల్మును ఇంకా త్వరగా ముసలిదాన్ని చేస్తుంది. అటువంటి రీలును రంగుల మందులో వేస్తే తరచుగా బురద రంగే వస్తుంది. అదే రీలును బ్లాక్ అండ్ వైట్ మందులో వేస్తే వెండితో ఏర్పడిన బొమ్మ నారింజ రంగు పట్టీ మీద నిలుస్తుంది, దాన్ని స్కాన్ చేసి నలుపు తెలుపుల్లోకి మార్చుకోవచ్చు.

నీట మునిగిన రీళ్ళ గురించి కూడా ఒక మాట. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు పాత పట్టణం మునిగినప్పుడు ట్రంకు పెట్టెల్లోని ఆల్బములు, రీళ్ళు ఎన్నో నానిపోయాయి. అలా నాని, ఆ తర్వాత ఎండిన రీలులో పొరలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటాయి. విప్పే ప్రయత్నం చేస్తే పూత చిరిగి వస్తుంది. ఇకమీదట ఎవరి ఇంట్లోనైనా నీళ్ళు చేరితే, తడిసిన రీలును ఎండబెట్టకుండా చల్లని మంచినీటి డబ్బాలోనే ఉంచి, ఒకటి రెండు రోజుల్లో కడిగేయాలి.

నీళ్ళు, వేడి

ఫిల్ము కడగడం గురించి రాసే వారంతా 20 డిగ్రీలు అని రాస్తారు. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో కర్నూలు మిద్దె మీద ట్యాంకు నుంచి వచ్చే నీళ్ళు చేతికి చురుక్కుమంటాయి. సి-41 రంగుల మందుకు కావలసిన వేడి 37.8 డిగ్రీలు, మే నెలలో మన కొళాయి తిప్పితే ఇంచుమించు అదే వస్తుంది. కానీ పాత బ్లాక్ అండ్ వైట్ ఫిల్ముకు అది చావు. జిగురు పూత ఉబ్బి, మెత్తబడి, వేలు తగిలితే చెదిరిపోతుంది. మందు ఒక వేడిలోనూ కడిగే నీళ్ళు మరో వేడిలోనూ ఉంటే పూత ఎండిన చెరువు మట్టిలా నెర్రెలు విచ్చుతుంది. నా మొదటి రీలుకు సరిగ్గా అదే జరిగింది. బొమ్మను బయటికి తెచ్చే మందును, అంటే డెవలపరును, ఐసు పెట్టి చల్లబరిచాను గానీ, కడిగే నీళ్ళను కొళాయి నుంచే నేరుగా పట్టాను.

కనుక వీలైతే ఈ పని డిసెంబరు, జనవరి నెలల్లో పెట్టుకోండి, అప్పటివరకు రీలును గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో ఉంచండి. తప్పనిసరై ఎండాకాలంలో చేయవలసి వస్తే, ముందురోజు రాత్రే మట్టికుండలో నీళ్ళు పోసి తడిగుడ్డ చుట్టి పెట్టాలి. మన పొడి గాలికి ఆ నీళ్ళు బాగా చల్లబడతాయి. ఆ పైన ఐసు ముక్కలను ప్లాస్టిక్ కవరులో కట్టి, ఒక వెడల్పాటి బేసినులో వేసి, అందులో మందుల సీసాలనూ కడిగే నీళ్ళ సీసాలనూ అన్నిటినీ కలిపి నిలబెట్టండి. అన్నీ ఒకే వేడికి రావడం ముఖ్యం. 20 డిగ్రీలకు దిగకపోతే 24 వరకు ఫరవాలేదు, కాలం తగ్గించుకోవాలి అంతే. 20 డిగ్రీల దగ్గర 8 నిమిషాలు పట్టేది 24 దగ్గర దాదాపు అయిదున్నర నిమిషాలకే అయిపోతుంది.

బోరు నీళ్ళలోని ఉప్పు, సున్నం ఫిల్ము మీద తెల్లటి మచ్చలుగా మిగులుతాయి. అనంతపురం వైపు ఉన్నవారికి ఇది ఇంకా బాగా తెలుసు. డెవలపరు కలపడానికి, ఆఖరి కడుగుకు బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ వాడండి. మధ్యలోని కడుగులకు క్యాను నీళ్ళు చాలు.

మందులు కలపడం

తయారు డెవలపరు పొట్లాలు తెప్పించుకోవచ్చు. పాత రీళ్ళకు కొడక్ వారి హెచ్‌సి-110 మంచి పేరున్నది, అది ఫిల్ము మీద మసకను, అంటే వెలుతురు తగలని చోట కూడా వచ్చే నలుపును, తక్కువగా లేపుతుంది. అయితే కాలేజీ ల్యాబులకు రసాయనాలు అమ్మే దుకాణం దగ్గర్లో ఉంటే 1927 నుంచి వాడుకలో ఉన్న డి-76ను ఇంట్లోనే కలుపుకోవచ్చు. 750 మిల్లీలీటర్ల నీళ్ళను 50 డిగ్రీలకు వేడిచేసి, మొదట 2 గ్రాముల మెటాల్, అది పూర్తిగా కరిగాక 100 గ్రాముల సోడియం సల్ఫైట్, ఆ తర్వాత 5 గ్రాముల హైడ్రోక్వినోన్, చివరగా 2 గ్రాముల బోరాక్స్ వేసి, మొత్తం లీటరు అయ్యేలా నీళ్ళు పోయాలి. ఈ వరుస మార్చవద్దు. సల్ఫైట్ ముందు వేస్తే మెటాల్ సరిగా కరగదు. పాత రీలు కోసం దీనిలోనే లీటరుకు ఒక గ్రాము పొటాషియం బ్రోమైడ్ కలిపితే మసక కొంత అణుగుతుంది. మెటాల్ కొందరి చర్మానికి పడదు కనుక చేతి తొడుగులు వేసుకోండి. వంటింటి గిన్నెలు, గరిటెలు ఇందులోకి తేవద్దు.

బొమ్మ చెరగకుండా నిలిపే మందు హైపో. దానికి 240 గ్రాముల సోడియం థయోసల్ఫేట్ పలుకులు, 10 గ్రాముల సల్ఫైట్, 25 గ్రాముల సోడియం బైసల్ఫైట్ కలిపి లీటరు చేయండి. పలుకులు కరిగేటప్పుడు నీళ్ళు చల్లబడతాయి, గోరువెచ్చని నీళ్ళతో మొదలుపెట్టాలి. వేడి ప్రాంతాల్లో పూత గట్టిపడడానికి ఆమ్లపు హైపోలో పటిక కలిపే పద్ధతి ఒకటి ఉంది, అలా చేస్తే చివరి కడుగు అరగంట పెట్టాలి. కాఫీపొడి, చాకలి సోడా, విటమిన్-సి కలిపి డెవలపరు చేసే వినోదం కూడా ఉంది, నేనూ చేశాను, కొత్త ఫిల్ముకు చక్కగా పనిచేస్తుంది. మళ్ళీ దొరకని రీలు మీద మాత్రం ఆ ప్రయోగం వద్దు.

కడగడం

ఫిల్మును వెలుతురు చొరని డెవలపింగ్ ట్యాంకులోని చక్రానికి ఎక్కించే పని పూర్తి చీకటిలో జరగాలి. కిటికీలు లేని సామాను గదిలో రాత్రివేళ, తలుపు సందుల్లో దుప్పట్లు కుక్కి, పది నిమిషాలు ఊరికే కూర్చోండి. అప్పటికీ మీ చెయ్యి మీకు కనబడకపోతే ఆ గది పనికివస్తుంది. కరెంటు పోయిన రాత్రి ఇందుకు మహా అనువైనది, ఇన్వర్టరు దీపాలు కూడా ఆపేయాలి. సెల్‌ఫోను బయటే పెట్టి రండి. చక్రం మీద తడి చుక్క ఉన్నా ఫిల్ము ఇరుక్కుంటుంది. ఏళ్ళ తరబడి చుట్టుకుని ఉన్న ఫిల్ము పాము పిల్లలా మెలికలు తిరుగుతుంది కనుక, ముందు ఒక చెత్త రీలును వెలుతురులో కళ్ళు మూసుకుని ఎక్కించడం ఇరవై సార్లైనా సాధన చేయండి.

మొత్తం రీలును ఒకేసారి మందులో వేయకండి. మరచిపోయిన రీళ్ళు తరచుగా సగంలో ఆగినవే కనుక, డబ్బాకు దగ్గరగా ఉన్న కొసన బొమ్మలు ఉండవు. చీకటిలోనే ఆ కొస నుంచి జానెడులో సగం కత్తిరించి, డెవలపరులో 8 నిమిషాలు ఉంచి, హైపోలో వేసి చూడండి. అది లేత బూడిద రంగులో తేలితే మీ రీలు ఆరోగ్యంగా ఉన్నట్టు. బాగా నల్లగా వస్తే బ్రోమైడ్ ఇంకొంచెం పెంచి మరో ముక్క చూడాలి. వెలుతురు తగిలిన మొదటి కొస ముక్కతో హైపోను పరీక్షించవచ్చు. ఎండిన ముక్క మీద ఒక చుక్క హైపో వేసి, అర నిమిషం ఆగి, ముక్క మొత్తాన్ని హైపోలో వదిలి గడియారం చూడండి. చుక్క పడిన మచ్చకూ మిగతా దానికీ తేడా తెలియకుండా పోయిన కాలానికి రెట్టింపు కాలం రీలును హైపోలో ఉంచాలి.

ఇక అసలు పని. డెవలపరు పోసి మొదటి అర నిమిషం ఆగకుండా ట్యాంకును తలకిందులు చేస్తూ ఉండండి, ఆ పైన ప్రతి నిమిషానికి పది సెకన్లు చాలు. బొమ్మ రాదేమోనన్న భయంతో కాలం పెంచాలనిపిస్తుంది. పెంచితే బొమ్మతోపాటు మసకా పెరుగుతుంది, ఒరిగేది తక్కువ. డెవలపరు వంపేశాక అదే వేడి గల నీళ్ళతో రెండుసార్లు తొలిచి హైపో పోయాలి. కడగడానికి కొళాయి కింద అరగంట ట్యాంకు పెట్టవలసిన పని లేదు. ట్యాంకు నింపి అయిదుసార్లు తలకిందులు చేసి పారబోయండి, మళ్ళీ నింపి పదిసార్లు, మూడోసారి ఇరవై. పటిక లేని హైపోకు ఇల్‌ఫర్డ్ కంపెనీ చెప్పిన పద్ధతి ఇది, ఒక్క రీలుకు లీటరు నీళ్ళతో అయిపోతుంది. బిందె నీళ్ళకు వరుసలో నిలబడే సీమవారికి ఇంతకంటే ఏం కావాలి! వాడిన హైపోలో వెండి కరిగి ఉంటుంది కనుక మొక్కల పాదుల్లోనూ కాలువలోనూ పోయకుండా, పాత్రలు తోమే ఇనుప పీచు వేసిన డబ్బాలో కొన్ని రోజులు ఉంచితే వెండి బురదగా దిగుతుంది.

ఆరబెట్టేటప్పుడు మన శత్రువు దుమ్ము. స్నానాల గది గోడల మీద నీళ్ళు చల్లి, దుమ్ము అణిగాక ఫిల్మును దండేనికి క్లిప్పుతో వేలాడదీసి, కింద మరో క్లిప్పు బరువుగా తగిలించి, తలుపు మూసి వచ్చేయండి. తుడవకండి, ఫ్యాను వేయకండి. ఆరిన నెగెటివ్‌ను టాబ్లెట్ తెల్లని తెర మీద, మధ్యలో పాల రంగు ప్లాస్టిక్ ముక్క ఉంచి, దగ్గరగా ఫొటో తీసి కంప్యూటరులో నలుపు తెలుపులను తారుమారు చేసుకుంటే బొమ్మ కనబడుతుంది.

ఆ యాషికా రీలులో దక్కిన తొమ్మిదిలో ఆరు మసకమసకగా ఉన్నాయి. ఒకదానిలో కొండారెడ్డి బురుజు ముందు నిక్కరు వేసుకున్న పిల్లవాడు ఎండకు కళ్ళు చికిలించి నిలబడ్డాడు. మరొకదానిలో ఒకావిడ మిద్దె మీద మిరపకాయలు ఆరబోస్తూ, ఫొటో తీస్తున్నారని చూసుకుని చీర కొంగుతో నోరు అడ్డం పెట్టుకుంది. ఇవి ఎవరి ఇంటివో తెలియదు కనుక ఎక్కడా ప్రచురించలేదు. రెండు కాపీలు అచ్చు వేయించి ఒకటి ఆ కొట్టు యజమానికి ఇచ్చాను, కెమెరా అమ్మినవారు మళ్ళీ వస్తే చూపించమని. నెగెటివ్ కవరు మీద కెమెరా కొన్న తేదీ, రీలు పేరు, కడిగిన మందు, నిమిషాలు పెన్సిలుతో రాసి బీరువాలో పెట్టాను.